తిప్పని దుంగ

ప్రెషర్ చాంబర్ దగ్గర పనిచేసే ముసలి టెస్టరు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టింది. చూసినవాళ్ళంతా గుండెపోటన్నారు. పోలీసు డాక్టరు మాత్రం శవాన్ని పక్కకి తిప్పి, ఎడమ చెవి వెనక సూదిమొనంత చుక్క చూశాడు. చుక్క చుట్టూ చర్మం నీలంగా ఉంది. గోడకున్న చార్టు మిషన్లో ఆ రోజు కాగితం లేదు. చాంబర్ పంపు పిస్టన్‌ని ఎవరో సుత్తితో పగలగొట్టారు.

డాక్టరు ఎవరికీ చెప్పకుండా ఒక నంబరుకి ఫోన్ చేశాడు.

గంట తిరక్కుండానే, బట్టలు ఇస్త్రీ చేసే షాపు పైగదిలో పెద్దాయన పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడు. కింద నుంచి ఆవిరి వాసన వస్తోంది. డిపార్టుమెంటుకి ఇదే ఆఫీసు. బోర్డు లేదు.

"కూర్చో తూకం."

తూకం అతని అసలు పేరు కాదు. ఏ వస్తువునైనా ఒకసారి చేత్తో ఎత్తి బరువు చెప్పేస్తాడు కాబట్టి ఆ పేరు పడింది. ఈ ఉద్యోగానికి రాకముందు ఫోమ్ పోసే షాపులో ఫోర్‌మన్. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట. మనిషి నెమ్మది. అడిగినదానికి జవాబు చెప్తాడు, అడగనిదాని జోలికి పోడు.

"ముసలాయన పొద్దున ఏడింటికి నాకు ఫోన్ చేశాడు," అన్నాడు పెద్దాయన. "'దుంగల గురించి ఒక మాట చెప్పాలి, పదింటికి వస్తా' అన్నాడు. తొమ్మిదికే పోయాడు."

తూకం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఎల్లుండి పొద్దున మనిషితో సముద్రం అడుగుకి మన బండి దిగుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతు. పోయినసారి బండి పడిపోయిన చోటికే. అందులో కెమెరా పెట్టె ఉంది. సముద్రం అడుగున మన కేబుల్‌కి అవతలివాళ్ళు తగిలించిన వినికిడి యంత్రం ఫోటోలు ఆ పెట్టెలో ఉన్నాయి. అది పైకొస్తే ఇక్కడున్న వాళ్ళ గూఢచారుల రింగు మొత్తం బయటపడుతుంది. రాకుండా ఆపాలని చూస్తున్నారు."

"దిగడం వాయిదా వేస్తే?"

"ఆ మర్నాటికల్లా వాళ్ళ 'సర్వే షిప్పు' అక్కడికి చేరుతుంది. పెట్టె వాళ్ళు తీసుకుపోతారు. అదీ మెలిక." పెన్సిలు మొన ఊది, పెద్దాయన తలెత్తాడు. "ముసలాయన్ని ఎందుకు చంపారో ఆలోచించు. బండిని పైకి తేల్చే దుంగలు మార్చేసిన సంగతి దాచడానికి కావచ్చు. ఏమీ మార్చకుండానే, మార్చారని మనల్ని భయపెట్టి బండి ఆపించడానికీ కావచ్చు. ఏది నిజమో ఎల్లుండి పొద్దుటికల్లా నువ్వు చెప్పాలి. దుంగల్ని లోతు ఒత్తిడికి పెట్టి చూసే చాంబర్ బాగవడానికి మూడు వారాలు పడుతుంది. కాబట్టి చేత్తోనే చెప్పాలి."

"బండి నడిపేదెవరు సార్?"

పెద్దాయన పెన్సిలు కింద పెట్టాడు. "తెలిసే అడుగుతున్నావా? మీ చెల్లెలి కూతురు."

తూకానికి తెలుసు. ఇంకెవరైనా చెప్తే అబద్ధమవుతుందేమోనని అడిగాడు. తొమ్మిదేళ్ళ కిందట దిగి, పైకి రాని బండిలో ఉన్నది ఆ పిల్ల తండ్రి. తన బావ.

*

రేవులో రంగుల షెడ్డుకి తూకం పెయింటరు వేషంలో వచ్చాడు. మీసం తీసేశాడు. చొక్కా మీద పసుపు మరకలు ముందురోజే వేయించుకున్నాడు. గోళ్ళలోకి కూడా రంగు ఎక్కించుకున్నాడు, ఎందుకంటే పెయింటరు అబద్ధమాడితే ముందు గోళ్ళే పట్టిస్తాయి.

ముప్పయ్యారు దుంగలు. చెక్క ఊయలల్లో వరసగా, బెల్టులు కట్టి పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోటి మీటరు పొడవు, మనిషి కౌగిలికి సరిపోయేంత లావు. షెడ్డు కప్పు రేకుల్లోంచి వెలుతురు పడి, గుడ్డ కప్పిన మనుషుల్లా కనిపించాయి. తూకం గుమ్మం దగ్గరే కాసేపు నిలబడిపోయాడు.

దుంగలన్నీ ఫోమ్‌తో పోసినవే, పరుపుల్లో పెట్టే మెత్తటి ఫోమ్ కాదు. గాజు బుడగలని ఒక పొడి ఉంటుంది. పిండికన్నా సన్నం. గుప్పెట్లో పట్టుకుంటే నీళ్ళలా వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంది. ప్రతి రేణువూ లోపల ఖాళీ ఉన్న గాజు బంతి. దాన్ని రెసిన్ జిగురులో కలిపి అచ్చులో పోస్తే రాయిలా గట్టిపడుతుంది, కానీ నీటి బరువులో సగానికి కాస్త ఎక్కువ తూగుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతులో బొటనవేలి గోరంత చోటు మీద నాలుగు క్వింటాళ్ళ బరువు పడుతుంది. ఇనుప పీపా అయితే కాగితంలా నలిగిపోతుంది. ఈ దుంగ నలగదు. ఒక్కో దుంగ బండిని ముప్పై కిలోల బలంతో పైకి లాగుతుంది. ముప్పయ్యారూ కలిసి లాగితేనే బండి మళ్ళీ వెలుతురు చూస్తుంది.

పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కో దుంగనీ బెల్టు విప్పి, ఒక చివర ఎత్తి చూశాడు. ముప్పైతొమ్మిది కిలోలు. మళ్ళీ ముప్పైతొమ్మిది. అన్నీ అంతే. నాణెంతో తట్టి చూశాడు. ఒకటే మోత. డిపార్టుమెంటు వర్క్‌షాపు వాడు ఇచ్చిన పెన్ను తీశాడు. అది రాసే పెన్ను కాదు. దుంగకి ఆనిస్తే లోపలికి శబ్దం పంపి, పగులుంటే ఎర్ర దీపం వెలిగిస్తుంది. ముప్పయ్యారు సార్లూ పచ్చ దీపమే వెలిగింది.

పగుళ్ళు లేవు. అసలు భయం అది కాదు. బుడగల గోడ పల్చనైతే లోతులో చితికిపోతాయి. అలాంటి పల్చటి బుడగలు తక్కువ వేసి, రెసిన్ ఎక్కువ పోస్తే దుంగ బరువు సరిగ్గా ముప్పైతొమ్మిదే వస్తుంది. తక్కెడకి తెలియదు, చేతికి తెలియదు. నాలుగో కిలోమీటరు దగ్గర సముద్రానికి తెలుస్తుంది.

ఆ తెలియడం ఎలా ఉంటుందో తూకం విన్నాడు. పాత బండి చివరి పదకొండు నిమిషాల టేపు ఎంక్వయిరీలో వినిపించారు. మాటలేమీ లేవు. ఎండుటాకుల మీద ఎవరో దూరంగా నడుస్తున్నట్టు, చిట్‌చిట్‌మని. నడక దగ్గరయింది. పరుగయింది. ఆగిపోయింది. అప్పటినుంచి అతను చెట్లున్న దారిలో నడవడు.

"ఈ పసుపు ఎండలో వెలిసిపోతుందా?"

వెనక నుంచి ఆడగొంతు. తూకం బ్రష్షు ఆపాడు. రింగు లోపలి నుంచి ఒకరు కబురిచ్చారనీ, ఈ మాటతో పలకరిస్తారనీ పెద్దాయన చెప్పాడు. మగవాడనుకున్నాడు.

"నీడలో ఉంచితే వెలవదు," అన్నాడు.

తిరిగి చూశాడు. బూడిదరంగు కోటు, మడమలెత్తు చెప్పులు, మెడలో బీమా కంపెనీ సర్వేయరు కార్డు. డిపార్టుమెంటు ఫైల్లో ఆమె పేరు పట్టుపురుగు. ఆ పేరు పెట్టినవాడు ఆమెని చూసి ఉండడు. షెడ్డులో ఆమె నడిచొస్తుంటే రంగు డబ్బాలు కూడా కాస్త సర్దుకుని కూర్చున్నట్టనిపించింది.

"మీరా?" అన్నాడు.

"ఏం, నచ్చలేదా?"

"మూడు దేశాలకి మమ్మల్ని అమ్మిన మనిషి."

"రెండే. మూడోది పుకారు." ఆమె ఒక దుంగ మీద చెయ్యి వేసి, వేడి వస్తువుని తాకినట్టు తీసేసింది. "నాలుగు మార్చారు. లారీలో వస్తుండగా. ఏవో నాకు తెలియదు. మార్చినవాళ్ళకీ ఇప్పుడు తెలియదు, రంగు ఒకటే."

"నమ్మమంటారా?"

"నమ్మకండి. నమ్మి బండి ఆపితే వాళ్ళకే లాభం, నాకు తెలుసు. నమ్మక దింపితే..." ఆమె మాట పూర్తి చెయ్యలేదు. "పోయినసారి వాళ్ళ ఓడలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది నేనే. ఆ చప్పుడు. ఇప్పటికీ ఎవరైనా కాగితం నలిపితే నేను గది బయటికి వెళ్ళిపోతా."

ఆ ఒక్క మాట దగ్గర తూకం ఆమెని నమ్మాడు.

"పోయినసారి కూడా నాలుగేనా?"

"రెండు. అదే నాకు అర్థం కాదు. చంపాలని కాదు, భయపెట్టి వెనక్కి పంపాలని. మీ బండికి మిగులు బలం డెబ్బై కిలోలు. రెండు దుంగలు పోతే అరవై తగ్గుతుంది. అయినా మెల్లగా పైకి రావాలి. లెక్క వేసింది నేనే. ఎందుకు రాలేదో తొమ్మిదేళ్ళుగా వేసుకుంటూనే ఉన్నా ఆ లెక్క."

బ్రష్షు కొసన రంగు బొట్టు ఊగి నేల మీద పడింది. తూకం దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమైంది?" అంది.

"ఏం లేదు."

మూడోది. మూడో దుంగ ఒకటి పోయి ఉంటే లెక్క సరిపోతుంది.

*

సాయంత్రం మేనకోడలు షెడ్డుకి వచ్చింది. ఇంట్లో ఆ పిల్లని పిచ్చుక అంటారు. తిండి తక్కువ, అరుపు ఎక్కువ అని చిన్నప్పుడు వాళ్ళ నాన్నే పెట్టాడు. ఇప్పుడు పాతికేళ్ళు. మేనమామ మీసం లేని మొహం చూసి ముందు నవ్వు ఆపుకుంది, తర్వాత ఆపుకోలేదు.

"అమ్మ చూస్తే గుర్తుపట్టదు మామయ్యా. తాతయ్య ఫోటోలో అమ్మమ్మలా ఉన్నావ్."

"అరవకు. నేనిక్కడ పెయింటర్ని."

"సరే పెయింటరుగారూ. దుంగలు మంచివేనా?"

"చూస్తున్నా."

"మనవాళ్ళు పోసినవేగా? మేస్త్రమ్మ వాళ్ళు?" ఆమె ఒక దుంగ మీద ఎక్కి కూర్చుంది, కాళ్ళూపుతూ. "నువ్వు నేర్పిన షాపు. అది చాలు నాకు. ఇంజనీర్లు వంద కాగితాలు చూపించారు. నేను సంతకం పెట్టింది కాగితాలు చూసి కాదు."

తూకం బ్రష్షు డబ్బాలో ముంచాడు. "దిగకపోతే ఏమవుతుంది పిచ్చుకా?"

"నాన్న అక్కడే ఉంటాడు." చాలా మామూలుగా అంది. "దిగినా అక్కడే ఉంటాడనుకో. కానీ ఒకసారి చూసొచ్చినట్టుంటుంది."

*

మర్నాడు పొద్దున మంచు దట్టంగా ఉంది. రేవు గోడలకి కళ్ళు లేనట్టుంది. దుంగలన్నీ బండికి బిగించేశారు. పసుపు బండి క్రేను కొక్కానికి వేలాడుతోంది, కింద నీళ్ళు కనిపించడం లేదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఓడ మీదికి ఇలాగే ఎత్తి దించాలి. పిచ్చుక పైన మూత దగ్గర సగం లోపల, సగం బయట నిలబడి చెక్‌లిస్టు చదువుతోంది.

ఓడలు ఆగే ధక్కా మీద పెద్దాయన గడియారం చూసుకున్నాడు. "ఇంకా ఇరవై నిమిషాలు. చెప్పు తూకం. దింపాలా, ఆపాలా?"

"తెలియడం లేదు సార్."

"అయితే దింపుతాం."

మేస్త్రమ్మ స్పేరు దుంగలు నాలుగు తోపుడుబండిలో పెట్టించుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి, ఫోమ్ షాపులో ఇప్పుడు ఆమే ఫోర్‌మన్. తూకం పెద్ద అచ్చులు ఎత్తడం నేర్చుకుంది ఆమె దగ్గరే. వచ్చీ రావడంతోనే ఒక దుంగకి వీపు ఆనించి కూర్చుని భుజం పిసుక్కుంది.

"ఏంట్రా, మీసం ఏమైంది? ఎలక కొట్టిందా?"

"అక్కా, నెమ్మది."

"నాకేం నెమ్మది! నలభై దుంగలు. ఒక్కోదానికి పదహారు తిప్పులు. పావుగంటకోసారి, ఆర్గురం పట్టుకుని. భుజాలు ఊడి చేతికొచ్చాయి. ఆ కొత్త ఫ్యాక్టరీల్లో వాక్యూమ్ మిషన్లట, బటను నొక్కి టీకి పోతారట. మాకు ఆ భోగం..."

ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది. తూకానికి మాత్రం చెవులు మూసుకుపోయాయి.

తిప్పడం. గాజు బుడగలు తేలికవి. రెసిన్ గట్టిపడే నాలుగు గంటల్లో పైకి తేలిపోవాలని చూస్తాయి. అందుకని ఫోర్‌మన్ పావుగంటకోసారి ఈల వేస్తాడు, ఆర్గురు అచ్చుని పావు చుట్టు దొర్లిస్తారు. ఈల వేస్తేనే దొర్లిస్తారు. ఆ షాపు పద్ధతి అది. పదహారు ఈలలు. అప్పుడు బుడగలు ఏ పక్కకీ పోలేక అంతటా సమంగా నిలిచిపోతాయి. రింగువాళ్ళు బుడగలు తక్కువ, రెసిన్ ఎక్కువ పోశారు. పల్చగా కలిపారు. మిషన్లో పోసి టీకి పోయి ఉంటారు. బుడగలన్నీ ఒక పక్కకి చేరి ఉంటాయి. నేల మీద ఆ తేడా తెలియదు, ఊయల పట్టుకుంటుంది. నీళ్ళు దేన్నీ పట్టుకోవు. నీళ్ళలో వేస్తే దుంగ తన బరువైన పక్కని తనే కిందికి తిప్పుకుంటుంది.

ఇంత చిన్న సంగతి రెండు రోజులుగా తనకెందుకు తట్టలేదో కూడా ఆ క్షణమే తెలిసింది. తిప్పడం అనే మాట దగ్గరకొచ్చినప్పుడల్లా తొమ్మిదేళ్ళుగా అతని మనసు పక్కదారి పడుతోంది.

"ఆపండి!" అని అరిచాడు. "దుంగలన్నీ విప్పి నీళ్ళలో వెయ్యాలి!"

ధక్కా మీద అందరూ తిరిగి చూశారు. పెద్దాయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ముప్పయ్యారు దుంగలు విప్పి బిగించడానికి మూడు గంటలు. పోటు తగ్గిపోతుంది. ఇది వాళ్ళ ఎత్తే అయితే? ఆ పట్టుపురుగు నీ చెవిలో ఊదింది కాదు కదా?"

"కాదు సార్. తిప్పని దుంగ నీళ్ళలో ఒత్తిగిలుతుంది."

"ఎవరు చెప్పారు? ఏ పుస్తకంలో ఉంది? ఎక్కడ చూశావ్?"

పైన పిచ్చుక చెక్‌లిస్టు ఆపి వింటోంది. మంచులో ఆమె మొహం తెల్లగా, చాలా చిన్నగా కనిపించింది. తూకం ఆమెనే చూస్తూ చెప్పాడు.

"నేనే ఒకటి చేశాను కాబట్టి."

పైదాకా వినపడేలా గొంతు పెంచాడు.

"పాత బండి దుంగలు పోస్తున్నప్పుడు ఒక మధ్యాహ్నం జ్వరంతో కూర్చున్నచోటే నిద్రపోయా. గంటసేపు. నాలుగు ఈలలు వెయ్యలేదు. ఎవరూ తిప్పలేదు. లేచాక పన్నెండు తిప్పులైన దుంగకి రిజిస్టర్లో పదహారు అని రాశా. తర్వాత కడగడానికి తొట్టిలో వేస్తే అది ఒత్తిగిలింది. చూశాను. చూసి కూడా తుడిచి లారీ ఎక్కించా."

మేస్త్రమ్మ భుజం పిసుక్కోవడం ఆపింది.

"నాకు తెలుసురా," అంది మెల్లగా. "ఈల వినపడలేదని నాకు తెలుసు. లేపుదామనుకున్నా. జ్వరం మనిషి, పడుకోనీ అనుకున్నా."

పిచ్చుక చెక్‌లిస్టు మడిచి లోపల పెట్టింది. మాట్లాడినప్పుడు గొంతు ఎవరిదోలా ఉంది. "దుంగలు విప్పండి. బండిని ధక్కా మీదికి తిప్పమనండి."

క్రేను తిరగలేదు. కొక్కెం ఒక్క కుదుపు కుదిపి, బండిని నేరుగా కిందికి వదలడం మొదలుపెట్టింది. మూత ఇంకా తెరిచే ఉంది. అలాగే నీళ్ళలో పడితే నిండిపోయి రాయిలా మునుగుతుంది.

"క్రేను మనిషి వాళ్ళవాడే!" అని పట్టుపురుగు అరిచింది. బూడిద కోటు మంచులోంచి ఊడిపడినట్టు వచ్చింది. చెప్పులు వదిలేసి స్తంభం దగ్గరున్న కరెంటు పెట్టె వైపు పరుగెత్తింది. క్రేను గదిలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. చేతిలో పొట్టి గొట్టం. తూకం ఆలోచించలేదు. తోపుడుబండిలోంచి ఒక స్పేరు దుంగని రెండు చేతులా ఎత్తి ఆమెకీ గొట్టానికీ మధ్య నిలబెట్టాడు. 'టక్' మంది. దుంగ పసుపు చర్మంలో సూది మొదలంటా దిగి ఆగిపోయింది.

పట్టుపురుగు మీట లాగింది. క్రేను చచ్చిపోయింది.

బండి అడుగుకీ నీళ్ళకీ మధ్య జానెడు ఖాళీ మిగిలింది. పిచ్చుక మూత అంచు పట్టుకుని వేలాడుతోంది. పెద్దాయన మనుషులు నిచ్చెనెక్కి క్రేను మనిషిని దింపారు. ముసలి టెస్టరు చెవి వెనక దిగిన సూది లాంటివి అతని జేబులో ఇంకా అయిదున్నాయి.

*

ముప్పయ్యారు దుంగలూ రేవు లోపలి మడుగులోకి దించారు. ఒక్కోదాని మీద సుద్దతో గీత గీసి, గీత పైకి వచ్చేలా వదిలి, చేత్తో ఒకసారి దొర్లించి చూశాడు తూకం. మంచి దుంగ ఎక్కడ ఆగితే అక్కడే ఉండిపోయింది. దానికి పైనా కిందా తేడా లేదు.

పదకొండోది ఆగలేదు. నిద్రలో మనిషి పక్కకి తిరిగినట్టు మెల్లగా ఒత్తిగిలి, గీతని నీళ్ళలో దాచేసుకుంది. మళ్ళీ దొర్లించాడు. మళ్ళీ అదే పక్కకి తిరిగింది. పంతొమ్మిది, ఇరవై రెండు, ముప్పయ్యొకటి కూడా అంతే చేశాయి.

"నాలుగు," అంది పట్టుపురుగు. ఒట్టి కాళ్ళతో వణుకుతోంది. ఆమె చేతికి ఒక మనిషి బేడీ వేస్తుంటే రెండో చెయ్యి కూడా తనే ముందుకి చాపింది.

సూది దిగిన స్పేరు దుంగ కూడా పనికొస్తుందో లేదోనని తూకం వంగి చూశాడు. మేస్త్రమ్మ అతన్ని నెట్టేసింది. "అవతలికి జరుగు. నేను పోసిన దుంగ సూదిపోటుకి పోతుందా? రెసిన్ పూసి బిగించు."

బిగించడం అయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. పోటు ఇంకా చాలుతుందన్నారు. పిచ్చుక మూతలోకి దిగబోతూ ఆగింది. తూకం నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డాడు.

"ఆ దుంగ ఒక్కటే సరిగ్గా ఉండుంటే నాన్న పైకొచ్చేవాడా?"

ఆమెకి లెక్క ఎవరు చెప్పారో అతను అడగలేదు. పట్టుపురుగు ధక్కా మీద కూర్చుని ఒక్కొక్కరికీ అదే లెక్క చెప్తోంది.

"వచ్చేవాడు," అన్నాడు.

"అమ్మకి?"

"తెలియదు."

ఆమె తల ఊపింది. మామయ్యా అనలేదు. మూత పడింది.

*

బండి దిగడానికి రెండు గంటలు. ఓడ మీద వినికిడి గదిలో హెడ్‌ఫోన్లు ఇంకెవరైనా పెట్టుకోవచ్చు. తూకమే అడిగి తీసుకున్నాడు. మూడో కిలోమీటరు దాటాక అతని వీపంతా చెమట పట్టింది. ఎండుటాకుల కోసం వింటున్నాడు. ఎక్కడో ఒక అడుగు పడుతుందని. నాలుగో కిలోమీటరు దగ్గర చిట్‌మని ఒక్కసారి వినిపించింది. లేచి నిలబడ్డాడు. ఆపరేటరు తన పెన్సిలు కింద పడిందని చెప్పి సారీ అన్నాడు.

తర్వాతేమీ లేదు. అంత నిశ్శబ్దాన్ని అతను తొమ్మిదేళ్ళలో వినలేదు. అది హాయిగా లేదు. ఎవరో అవతల ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టుంది.

పొద్దు గుంకుతుండగా బండి పైకి వచ్చింది. మర చేతుల్లో కెమెరా పెట్టె ఉంది. పిచ్చుక బయటికి వచ్చి తువ్వాలు కప్పుకుని, ఓడ రెయిలింగు దగ్గర తూకం పక్కనే నిలబడింది. ఇద్దరూ నీళ్ళనే చూస్తున్నారు.

"బండి పక్కకి ఒరిగి ఉంది," అంది. "కిటికీలోకి లైటు వేశా. నాన్న కోటు కనిపించింది. దుంగల్లో బాగున్నవీ ఉన్నాయి, మూడు మాత్రం పొడి పొడి అయిపోయాయి."

"మూడు," అన్నాడు తూకం.

"మూడే. లెక్కపెట్టా."

కాసేపటికి తువ్వాలు కొస అతని చేతి మీద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు, అతనూ కదల్లేదు.

"అమ్మకి నువ్వే చెప్పు," అంది. "నేను పక్కన కూర్చుంటా. కానీ నువ్వే చెప్పు మామయ్యా."

*

మూడు రోజుల తర్వాత ఇస్త్రీ షాపు పైగదిలో పెద్దాయన రిపోర్టు రాస్తున్నాడు. పెట్టెలో ఫోటోలు బాగానే వచ్చాయి. రింగులో పద్నాలుగు మంది దొరికారు. 'సర్వే షిప్పు' దారి మార్చుకుని వెళ్ళిపోయింది. పట్టుపురుగు జైల్లో ఒక్కటే అడిగిందట, కాగితాలు లేని గది కావాలని.

"దుంగలు ఎలా పట్టుకున్నామని అడిగారు పైనుంచి," అన్నాడు పెద్దాయన. "నీళ్ళలో వేసి దొర్లించాం అని రాస్తే మన డిపార్టుమెంటు ఎత్తేస్తారు."

"అత్యాధునిక పద్ధతిలో అని రాయండి సార్."

"రాశా. ఇంకేమన్నా చేర్చాలా?"

తూకం నిన్ననే చెల్లెలి ఇంటికి వెళ్ళి వచ్చాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. అన్నయ్యకి మంచినీళ్ళిచ్చి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు చప్పుడు ఇంకా అతని చెవుల్లోనే ఉంది.

"ఒక లైను చేర్చండి. తొమ్మిదేళ్ళ కిందట పాత బండికి పోసిన ఒక దుంగని నాలుగు సార్లు తిప్పలేదు. ఫోర్‌మన్ నేను."

పెద్దాయన ఫారం ముందు పేజీ చూశాడు, వెనక పేజీ చూశాడు. శత్రువు పేరుకి గడి ఉంది. ఆయుధాలకి ఉంది. వాడిన పరికరాలకి, చచ్చినవాళ్ళకి, గాయపడినవాళ్ళకి, పోయిన గొడుగులకి కూడా గడులున్నాయి.

"దీనికి ఎక్కడా చోటు లేదయ్యా," అన్నాడు పెన్సిలు కింద పెట్టి. "నువ్వే ఉంచుకోవాలి."